నడక తుపాకీ

2025 ఫిబ్రవరి 3

ఈ నోటుబుక్కు నాది కాదు. డేల్ చేత కొత్తగా చేయించుకునే తుపాకీ వివరాలు రాసిపెట్టమని ఈయన కొని ఇచ్చారు. ముందువైపు నుంచి ఆయన చెప్పింది ఇంగ్లీషులో రాస్తాను. వెనకవైపు నుంచి ఇది నాకోసం. ఈయన వెనక పేజీలు తిప్పరు.

మీరే రాసుకోవచ్చు కదా అంటే, "నా రాత డేల్‌కి అర్థమై చావదోయ్, నువ్వు గుండ్రంగా రాస్తావు" అన్నారు. ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్ల విడిభాగాల కౌంటర్లో నంబర్లు రాస్తున్న మనిషి. ఆయన రాత అర్థం కాలేదన్నవాళ్లు కెనడాలో ఈ సస్కటూన్ చుట్టుపక్కల లేరు. డిసెంబరు నుంచి బొటనవేలు పెన్ను మీద ఆగటం లేదు. చలి వల్ల. ఈ రోజు మైనస్ ముప్పై రెండు. నా చేతులూ అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరి 8

డేల్ షెడ్డుకి వెళ్ళాం. వేసవిలో ఆవులు మేపుతాడు, చలికాలమంతా తుపాకులు చేస్తాడు డేల్. అతని పచ్చిక బయలులోనే పద్నాలుగు ఏళ్లుగా ప్రతి వసంతం ఈయన బొరియలు తవ్వే గోఫర్లని కొడుతున్నారు, డేల్ తుపాకీతోనే. ఇప్పుడు సొంతంగా ఒకటి, తన కొలతకి చేయించుకోవాలని. మనవైపు పెళ్లిబట్టలు కుట్టించుకునేవాళ్లు కూడా ఇంత ఆలోచించరు.

బల్ల మీద పెట్టి కాల్చే బరువైన తుపాకులు వేరట. కొండలెక్కే వేటగాళ్లవి పుల్లల్లా తేలికవి వేరట. ఈయనకి కావలసింది రెండింటికీ మధ్యది. రోజంతా భుజాన వేసుకుని నడిస్తే ఉన్నట్టు తెలియకూడదు. ఆగి గురి చూస్తే మాత్రం వణకకూడదు. డేల్ దాన్ని వాకింగ్ రైఫిల్ అన్నాడు.

ముందు పేజీలో రాసింది: గొట్టం ఇరవై నాలుగు అంగుళాలు. గురి చూసే అద్దంతో కలిపి ఎనిమిది పౌన్లు. తూటా టూ టూ త్రీ. ట్రిగ్గర్ రెండున్నర పౌన్ల నొక్కుడు. కర్ర వాల్‌నట్.

"కర్ర మాత్రం మార్చేది లేదు," అన్నారు ఈయన. "ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుంటే తుపాకీ పట్టుకున్నట్టుండదు, నీళ్ల పైపు పట్టుకున్నట్టుంటుంది."

డేల్ నవ్వాడు. చెక్క ముక్కలు నాలుగు తెచ్చి పరిచాడు. ఈయన ఎడమచేత్తో నిమిరి చూశారు. కుడిచెయ్యి జేబులోనే ఉంది.

ఫిబ్రవరి 14

శుక్రవారం. సహస్రనామం అయ్యాక జపానికి కూర్చున్నాను. మనసు నిలవలేదు. రాయకూడదనుకున్నది రాస్తాను, ఎక్కడో ఒకచోట ఉండాలి.

పోయిన సెప్టెంబరులో ఒక శుక్రవారం ఈయన బయలు నుంచి తిన్నగా ఇంట్లోకి వచ్చి, చెయ్యి కడుక్కుని ప్రసాదం తీసుకున్నారు. చెయ్యి కడిగారు గానీ చొక్కా చివర రక్తం చుక్క ఉంది. చిన్నదే, ఆవగింజంత. గోఫర్ అంటే మన ఉడత కన్నా లావు, చారలుండవు. బొరియ పక్కన నిలువుగా నిలబడి రెండు చేతులూ ముందుకి ముడుచుకుని చూస్తుంది. దణ్ణం పెడుతున్నట్టుంటుంది. దాన్ని కొట్టిన చేత్తోనే ప్రసాదం.

వద్దని పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. "ఆ బొరియలో కాలు పడి విరిగితే ఆవుని కాల్చాలే, అప్పుడేమంటావ్?" అంటారు. నేను గట్టిగా మాట్లాడలేను. వృద్ధాశ్రమంలో నాతో లాండ్రీ చేసేవాళ్లు కూడా "కుమారీ, ఏమన్నావ్?" అని రెండుసార్లు అడుగుతారు.

ఆయనతో చెప్పలేక అమ్మవారితో చెప్పుకున్నాను. కార్తిక పౌర్ణమి నాడు మూడువందల అరవై ఐదు వత్తులు వెలిగించి మొక్కుకున్నాను. ఈయన చెయ్యి మళ్ళీ ట్రిగ్గర్ మీదకి పోకుండా చూడు తల్లీ, లక్ష కుంకుమార్చన చేస్తాను అని.

అది నవంబరు. బొటనవేలు డిసెంబరు.

చలి వల్లే.

మార్చి 19

ఫ్యామిలీ డాక్టరు నరం నొక్కుకుపోయి ఉంటుందన్నారు. స్పెషలిస్టుకి రాశారు. మేలో డేటు ఇచ్చారు.

నరం నొక్కుకుపోవడం చాలామందికి ఉంటుంది. మా ఆశ్రమంలో వంటావిడకి ఉంది.

ఏప్రిల్ 6

మంచు అక్కడక్కడా కరిగింది. మొదటి గోఫర్లు లేచాయని డేల్ ఫోను చేశాడు. ఈయన పొద్దున్నే వెళ్లారు, డేల్ పాత తుపాకీ తీసుకుని. నాలుగు గంటలకి గాని రారు ఎప్పుడూ. పదకొండుకే వచ్చారు.

"ఏమండీ, ఇంత తొందరగా?"

"గాలి," అన్నారు. "ఒక్కటి కూడా కుదురుగా నిలబడదు."

కిటికీలోంచి చూస్తే మా వీధి చివర జెండా కర్రకి అతుక్కుని ఉంది.

అన్నం తిన్నాక నోటుబుక్కు తెమ్మన్నారు. ఎనిమిది కొట్టేసి ఏడున్నర రాయి. గొట్టం ఇరవై రెండు చాలు.

మే 22

స్పెషలిస్టు చేతికీ కాలికీ సూదులు గుచ్చి మెషీన్ మీద గీతలు చూసింది. చిన్న వయసు అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. కూర్చోమంది ఇద్దర్నీ. తలుపు వేసింది. తలుపు వేసినప్పుడే నాకు అర్థమైంది.

ఏఎల్‌ఎస్.

ఈయన నావైపు తిరిగి, "అంటే ఏంటోయ్? మీ ఆశ్రమంలో ఎవరికైనా ఉందా?" అన్నారు.

లేదండీ అన్నాను.

పద్నాలుగో గదిలో ఆ జబ్బుతో ఒక్కో అవయవం చచ్చుబడిన మనిషి దుప్పట్లు రెండేళ్లు నేనే ఉతికాను. చివరికి ఆ దుప్పట్లకి ముడతలు కూడా పడేవి కావు.

మే 23

ఏమీ రాయాలని లేదు.

జూన్ 1

గుడిలో వీరరాఘవులు గారు కనబడ్డారు. రిటైరయ్యాక గుడి పనులన్నీ ఆయనే చూస్తారు, శాస్త్రం తెలిసిన మనిషి. జనం పల్చబడ్డాక అడిగాను.

"మొక్కుకున్నది వెనక్కి తీసుకోవచ్చాండీ?"

"కాస్త గట్టిగా చెప్పమ్మా."

మళ్ళీ అడిగాను.

"తీర్చడం ఉంది గాని వెనక్కి తీసుకోవడం ఎక్కడుందమ్మా? కోరిక నెరవేరకపోతే అసలు బాకీయే లేదు. నెరవేరితే మాత్రం చెయ్యాలి. ఇంతకీ ఏం మొక్కుకున్నావు?"

"పెద్దదేం కాదండీ."

"అయితే దిగులెందుకు? పులిహోర పట్టుకెళ్లు, మీ అమరేశ్వరరావుకి ఇష్టం."

దారి పొడుగునా ఆ మాటే పట్టుకున్నాను. నెరవేరకపోతే బాకీయే లేదు. ఈయన చెయ్యి మళ్ళీ ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే చాలు, ఒక్కసారి. అప్పుడు అమ్మవారు నా మాట వినలేదన్నట్టే. అప్పుడు ఈ జబ్బు ఎక్కడినుంచో వచ్చింది, నా నోట్లోంచి కాదు.

పులిహోర రెండుసార్లు వడ్డించాను. చెంచాతో తిన్నారు.

జూన్ 4

తుపాకీ తొందరగా చెయ్యమని డేల్‌కి ఫోను చేశాను. నా అంతట నేను ఆ మనిషికి ఫోను చెయ్యడం ఇదే మొదలు. "నువ్వా!" అన్నాడు. గొట్టం ఇంకా రాలేదట, అమెరికా నుంచి రావాలట. ఆగస్టు అన్నాడు.

జూలై 11

ఈయనకి రాత్రింబవళ్లు అదే ఆలోచన. నాకు సంతోషంగానే ఉంది. ఉద్యోగం మానేశాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటారేమో అనుకున్నాను. కాటలాగులు, కొలతలు. ఈ తుపాకీ లేకపోతే ఏమయ్యేవారో.

కుడిచెయ్యి గ్లాసు కూడా పట్టటం లేదు. ఈ రోజు డేల్ ఇంటికి వచ్చాడు. ఈయనే ముందు మాట ఎత్తారు.

"బోల్టు ఎడమవైపుకి పెట్టొచ్చా?"

తూటా తోసే ఇనుప పిడిని బోల్టు అంటారు. కుడిచేతి వాళ్లకి కుడివైపుంటుంది. అది మార్చాలంటే లోపలి ఇనుప భాగం మొత్తం వేరేది తెప్పించాలి. డేల్ అప్పటికే కుడిచేతిది తెచ్చి నెల రోజులు చెక్కి నునుపు చేశాడు.

డేల్ టీ కప్పు కింద పెట్టాడు. "దానికేం? కుడిచేతిది కావాలని ఇంకొకడు అడుగుతున్నాడు. వాడికి పడేస్తా. నువ్వు ఎడమచేత్తో కొట్టగలవా మరి?"

"గడ్డం ఎడమచేత్తో గీసుకుంటున్నా, గోఫర్ ఎంత?" అన్నారు ఈయన.

ఇద్దరూ పెద్దగా నవ్వారు. డేల్ వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర బూట్ల లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి.

ముందు పేజీ: ఎడమచేతి బోల్టు. ఆరు ముప్పావు పౌన్లు. తూటా మార్చారు, హార్నెట్ అని చిన్నది. భుజాన్ని తన్నదట.

ఎడమచెయ్యి గట్టిగానే ఉంది. ఎడమచేత్తో నొక్కినా నొక్కినట్టే. చెయ్యి అన్నాను గానీ కుడిచెయ్యి అనలేదు మొక్కులో.

ఆగస్టు 30

ఎడమచేతి భాగం ఇంకా రాలేదు.

సెప్టెంబరు 14

మా అమ్మాయి చరిత వాటర్లూ నుంచి వచ్చింది నాలుగు రోజులకి. నాన్నకి భోజనం తినిపించి, నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మా, వాట్ ఈజ్ దిస్ గన్ థింగ్? జస్ట్ క్యాన్సిల్ ఇట్."

"ఆయన ముచ్చట పడుతున్నారే."

"హి ఈజ్ డిప్రెస్డ్, అమ్మా. ఇంట్లో గన్ పెడతావా? ఏమైనా అయితే?"

ఇన్నాళ్లూ నాకు ఆ ఆలోచనే రాలేదు. డేల్ దగ్గరే ఉంచుతాం అన్నాను. పిల్ల గొంతు నా గొంతు లాంటిది కాదు, ఇల్లంతా వినబడుతుంది.

లోపలినుంచి ఈయన అన్నారు: "భయపడొద్దని చెప్పవోయ్ నీ కూతురికి. దానికైనా వేలుండాలి."

చరిత ఏడ్చింది. నేను గిన్నెలు కడిగాను. తరవాత అది మెల్లిగా వచ్చి, "యూ హేటెడ్ ఇట్, అమ్మా. వై ఆర్ యూ హెల్పింగ్ హిమ్?" అంది.



అక్టోబరు 27

గోఫర్లు నిద్రకి వెళ్లిపోయాయి. ఈ ఏటికి ఇంతే. మళ్ళీ ఏప్రిల్.

ఎడమచేతి భాగం వచ్చింది. గోఫర్లు లేవు.

నవంబరు 5

ఈ రోజు కార్తిక పౌర్ణమి. వత్తులు చేశాను. మూడువందల అరవై ఐదూ చేశాను. వెలిగించాక ఏం అడగాలో తెలియలేదు. ఏది అడిగితే ఎలా వింటుందో ఆ తల్లి. ఏమీ అడగకుండా అవి ఆరిపోయేదాకా కూర్చున్నాను.

జపం కూడా ఈ మధ్య లెక్క తప్పుతోంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ నేర్పింది, మధ్యవేలి మీద పూస, బొటనవేలితో లాగాలి, చూపుడువేలు మాలకి తగలకూడదు, అది బెదిరించే వేలు అని. చూపుడువేలు పక్కకి చాపి పెట్టుకోవడం నాకు ఎంత అలవాటంటే టీకప్పు పట్టుకున్నా అలాగే ఉంటుంది. ఈయన వెక్కిరించేవారు: "ఎవర్ని కాల్చడానికోయ్ ఆ వేలు?"

నవంబరు 29

ట్రిగ్గర్ గురించి. రెండున్నర ఎక్కువ. ఒక పౌను చెయ్యమన్నారు. డేల్ ఫోన్లో వెంటనే ఒప్పుకోలేదు. అంత తేలికైతే గాలి తగిలినా పేలుతుందన్నాడు.

"గాలైనా నొక్కనీ," అన్నారు ఈయన.

నేను పక్కనే ఉండి, పౌను కన్నా తక్కువకి కుదరదా అని అడగమన్నాను. ఈయన నావైపు చూశారు.

గొట్టం ఇరవై అంగుళాలు. ఆరుంబావు పౌన్లు.

డిసెంబరు 18

ఎడమ బొటనవేలు.

2026 జనవరి 9

బాత్రూమ్‌లో పడ్డారు. నేను లేపగలిగాను. ఆశ్రమంలో నేర్చుకున్నది ఇలా పనికొచ్చింది. నడుం వెనక చేతులు వేసి, మూడు లెక్కపెట్టి, మనిషి ముక్కు కాలివేళ్లకన్నా ముందుకొచ్చాక లేపాలి. అంత బరువు తగ్గారని లేపేటప్పుడే తెలిసింది.

"ఎన్ని పౌన్లున్నానోయ్?" అన్నారు. "ముందు పేజీలో రాయి."

ఫిబ్రవరి 2

వీల్‌చెయిర్ వచ్చింది. మంచం పక్కన లిఫ్టు కూడా పెట్టారు, పట్టీలతో ఎత్తి కుర్చీలో దింపేది. పద్నాలుగో గదిలో ఉండేది ఇలాంటిదే. కొత్తది కాబట్టి చప్పుడు లేదు.

నడక తుపాకీ అని డేల్ ఇంకా అంటూనే ఉన్నాడు. ఎవరూ ఆ మాట మార్చలేదు.

ఫిబ్రవరి 21

ఊపిరి పరీక్ష చేశారు. నలభై శాతం. డాక్టరమ్మ వేసవి అన్న మాట రెండుసార్లు వాడింది. ఎండ తగిలేలా బయట కూర్చోబెట్టండి, వేసవిలో మనవాళ్లెవరైనా వచ్చేదుంటే మొదట్లోనే రమ్మనండి అంది. వేసవి చివర అనలేదు.

తుపాకీ ఎప్పుడని డేల్‌ని అడిగాను. ఇంకా కర్ర చెక్కాలట.

మార్చి 3

ఈ రోజు ఈయన వాల్‌నట్ కర్ర వదిలేశారు.

డేల్ చెప్పాడట, వాల్‌నట్ అయితే ఆరు పౌన్ల లోపు రాదని. కిటికీలోంచి మంచు చూస్తూ, "ఫైబర్ వెయ్యమను" అన్నారు.

"వాల్‌నట్టే ఉంచండి. నేను పట్టుకుంటా కదా."

"నువ్వు పట్టుకుంటే నేను కొట్టినట్టెలా అవుతుందోయ్?"

మాట ఇప్పుడు కొంచెం ముద్దగా వస్తోంది. మంచు వల్ల అని రాయబోయాను.

ఫైబర్ అని రాశాను. రాసి, కొట్టెయ్యలేదు. ఇన్నింటిలో నాకు ఏడుపొచ్చింది దీనికి. ఒక చెక్క ముక్క.

ఏప్రిల్ 11

గోఫర్లు లేచాయి.

ఏప్రిల్ 18

కాలివేళ్లలో ఏమీ లేదు. కుడిచేతిలో ఏమీ లేదు. ఎడమచేతి చూపుడువేలు కొంచెం కదులుతోంది. పొద్దున బాగా కదిలింది. దుప్పటి మీద పెట్టమని, నన్ను చూస్తూ ఉండమని, కదిపి చూపించారు. చూశావా అన్నారు. చూశానండీ అన్నాను. కదిలింది. దుప్పటి ముడత కొంచెం జరిగింది కూడా.

ఏప్రిల్ 24

తుపాకీ వచ్చింది.

డేల్ గోనెసంచీలాంటి కవరులోంచి తీసి ఈయన ఒళ్లో పెట్టాడు. వాల్‌నట్.

"బరువు చూడు," అన్నాడు డేల్. భుజానికి ఆనించే చోట రబ్బరు ముక్క విప్పి చూపించాడు. లోపల కర్రంతా తొలిచేశాడు, తేనెతుట్టెలా గుంటలు గుంటలుగా. పైకి తెలియదు. పైన చెక్క చారలు గోధుమరంగులో, నల్లగా, నీళ్ల కింద ఇసకలా ఉన్నాయి. ఐదు పౌన్లా పదిహేను ఔన్సులు.

ఈయన చెయ్యి తీసి కర్ర మీద పెట్టాను. వేళ్లు విప్పి ఒక్కొక్కటే పెట్టాను.

"వెధవ," అన్నారు ఈయన తెలుగులో. "ఫైబర్ అని చెప్తే వినలేదు."

ఏమన్నాడని డేల్ నన్నడిగాడు. చాలా బాగుందంటున్నారని చెప్పాను.

ఆదివారం వెళదామని అనుకున్నారు.

ఏప్రిల్ 26

వరసగా రాయాలి. లేకపోతే తరవాత వేరేగా గుర్తుపెట్టుకుంటాను.

తొమ్మిదింటికి డేల్ వ్యాను తెచ్చాడు. ఎండగా ఉంది, గాలి తక్కువ. షెడ్డు దగ్గర దిగాం. అక్కడినుంచి కంచె దాకా మూడువందల అడుగులుంటుంది. కుర్చీ డేల్ తోశాడు. తుపాకీ నేను మోశాను. తూటా లేదు అందులో. లైసెన్సున్నవాళ్లు పక్కనే ఉంటే నేను పట్టుకోవచ్చట. భుజాన తగిలించుకుని, నేల చిత్తడిగా ఉంటే అడుగులు చూసుకుంటూ నడిచాను. సగం దూరం వెళ్ళాక భుజాన ఏదో ఉందన్న సంగతే మర్చిపోయాను. ఆయన కోరినట్టే చేశాడు డేల్.

కంచె దగ్గర మూడుకాళ్ల స్టాండు నాటి, తుపాకీ దానిమీద బిగించాడు. కుర్చీ దగ్గరకి జరిపి, ఈయన చెంప కర్రకి ఆనేలా దిండు పెట్టాం. ఎడమచెయ్యి నేనే తీసి పెట్టాను. చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. తూటా డేల్ పెట్టాడు. అందరం చెవులకి మఫ్‌లు పెట్టుకున్నాం. ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

నేను ఆయన ఎడమ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

ఒక గోఫర్ లేచింది. బొరియ అంచున నిలబడి చేతులు ముడుచుకుంది. మావైపే చూస్తోంది.

ఇన్నాళ్లూ ఏ ప్రాణినీ చంపవద్దని అడిగినదాన్ని, కొట్టండీ అనుకున్నాను. పైకే అన్నానేమో. కొట్టండీ, కొట్టండీ. సహస్రనామం కన్నా ఎక్కువ మనసు పెట్టి అన్నాను.

వేలు మీదే నా కళ్లు. గోరు తెల్లబడుతుందేమోనని చూశాను. నొక్కితే గోరు తెల్లబడుతుంది. తెల్లబడలేదు.

గోఫర్ అలాగే నిలబడింది. అవి అంతసేపు నిలబడవు.

ఆయన మెడ మీద నరం లేచింది. ఊపిరి బిగబట్టారు, బిగబట్టడానికి ఉన్న ఊపిరి అంతా. కన్ను అద్దం దగ్గరనుంచి తియ్యలేదు. కంటి చివరనుంచి నీళ్లు కర్ర మీదకి జారాయి. గాలికి.

గాలి లేదు.

నా చెయ్యి వెళ్ళింది. నేను వెళ్లమనలేదు అని రాస్తే ఈ పుస్తకంలో కూడా అబద్ధమే. నేనే వెళ్లమన్నాను. నా చూపుడువేలు ఆయన వేలి మీద పెట్టాను. చల్లగా ఉంది. నొక్కాను. ఒక పౌను ఎంత తేలికో. పూస లాగడం కన్నా తేలిక.

గోఫర్ వెనక్కి పడింది.

మఫ్‌లు తీశాం. డేల్ టోపీ సర్దుకుని, బయలు వైపు చూస్తూ, "గుడ్ షాట్, అమర్," అన్నాడు. అతను నా చెయ్యి చూశాడు. నాకు తెలుసు చూశాడని.

ఊపిరి అందాక ఈయన అన్నారు:

"నేనే కదోయ్?"

"మీరేనండీ."

"ఏమన్నావు?"

"మీరే," అన్నాను. ఇంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అవతలి ఆవులు తలెత్తాయి.

"ట్రిగ్గర్ భలే తేలిగ్గా చేశాడు డేల్," అన్నారు. "నొక్కినట్టే తెలియలేదు."

ఇంకోటి కొడతావా అని డేల్ అడిగాడు. చాలు అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా తుపాకీ నేనే మోశాను.

ఏప్రిల్ 27

వీరరాఘవులు గారికి ఫోను చేశాను. లక్ష కుంకుమార్చనకి కుంకుమ ఎంత కావాలండీ అని.

"ఆహా, కోరిక నెరవేరిందన్నమాట! అప్పుడు అనవసరంగా దిగులుపడ్డావు."

"నెరవేరిందండీ."

"ఒక్క మనిషివే చేస్తే రోజుకి ఒక సహస్రం చొప్పున నూరు రోజులు పడుతుందమ్మా. ఎప్పుడు మొదలు?"

రేపే అన్నాను. నూరు రోజులంటే ఆగస్టు ఐదు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఆగస్టు లేదు.

పక్కగదిలో ఈయన చరితతో స్పీకర్ ఫోన్లో మాట్లాడుతున్నారు. నూట పది గజాలట, ఒక్క దెబ్బకేనట. మాట ముద్దగా ఉంది, పిల్లకి సగం అర్థం కావటం లేదు. "వావ్, డాడ్," అంటోంది. "వావ్."

ముందువైపు పేజీలు ఈ రోజు మొదటినుంచి చూశాను. ఇరవై నాలుగు కొట్టేసి ఇరవై రెండు, కొట్టేసి ఇరవై. ఎనిమిది కొట్టేసి ఏడున్నర, ఆరు ముప్పావు, ఆరుంబావు. ఫైబర్ అన్నది మాత్రం కొట్టేసి వాల్‌నట్ అని రాశాను.

పీట కడిగి ముగ్గు వేశాను. కుంకుమ వెండిగిన్నెలో పోశాను. బొటనవేలు, మధ్యవేలు, ఉంగరపువేలు, ఈ మూడింటితో తీసి వెయ్యాలి. చూపుడువేలు తగలకూడదు.

తగలనివ్వను.